జడ్జి కంటే ముందు చదివే మనిషి

అమెరికా జైళ్ల నుంచి ఏటా వేల అర్జీలు కోర్టుల గడప తొక్కుతాయి. లాయరు లేని ఖైదీ చేత్తో రాసుకున్న ఆ కాగితాలను ముందుగా విప్పేదీ, చదివేదీ, చాలాసార్లు వాటి తలరాత రాసేదీ బయటివాళ్లకు పేరైనా తెలియని ఓ కోర్టు ఉద్యోగి. ఆ ఉద్యోగం పేరు స్టాఫ్ అటార్నీ.

కవరు లావుగా ఉంటుంది. మీద జైలువాళ్ల ముద్ర: ఇది ఖైదీ పంపిన ఉత్తరం, లోపలి సంగతులకు మా పూచీ లేదు అని. విప్పితే ముందు కోర్టువాళ్లు అచ్చేసి ఇచ్చే ఫారం కనిపిస్తుంది. ఏం జరిగిందో రాయమన్నచోట వదిలిన నాలుగు గీతలు చాలక రూళ్ల కాగితాలు జత చేసి ఉంటాయి. మొదటి పేజీలో అక్షరాలు గుండ్రంగా, ఎడం ఎడంగా ఉంటాయి. కాగితం అయిపోతోందని తెలిసేకొద్దీ చిన్నవై, దగ్గరికి జరిగి, చివరికి మార్జిన్‌లోకి ఎక్కి నిలువునా నడుస్తాయి. రాత అలుక్కుపోయి ఉంటే తప్పు దస్తూరీదే అనుకోనక్కర్లేదు. ఏకాంత సెల్లో ఉన్నవాళ్లకు చాలా జైళ్లలో మామూలు పెన్ను ఇవ్వరు, ఆయుధం చేసుకుంటారని. వేళ్ల మధ్య వంగిపోయే మెత్తటి పెన్ను ఇస్తారు. రూళ్ల కాగితాల వెనక జైలు అధికారులకు ఇదివరకు పెట్టుకున్న ఫిర్యాదుల నకళ్లు, డాక్టరుకు చూపించమని రాసుకున్న చీటీలు ఉంటాయి. అన్నిటికన్నా అడుగున జైలు ఖాతాలో ఆరు నెలల జమాఖర్చు.

ఫెడరల్ కోర్టుకు చేరిన ఇలాంటి కవరును జడ్జి విప్పడు. జడ్జి గదిలో పనిచేసే సొంత లా క్లర్కు కూడా చాలాచోట్ల విప్పడు. ఇందుకోసమే జీతమిచ్చి పెట్టుకున్న లాయర్లు వేరే ఉంటారు. జిల్లా కోర్టుల్లో వాళ్లను ప్రో సే లా క్లర్కులంటారు, అప్పీలు కోర్టుల్లో స్టాఫ్ అటార్నీలంటారు. లాయరు లేకుండా తన కేసు తానే నడుపుకోవడాన్ని అక్కడ ప్రో సే అని పిలుస్తారు. ఈ ఉద్యోగులు ఎవరి తరఫునా వాదించరు. కోర్టు హాల్లో లేచి నిలబడే పనే వాళ్లకు లేదు. చదువుతారు, జడ్జికి మెమో రాస్తారు. దాంతోపాటే, సంతకం పడితే ఆర్డరై బయటికి పోయేలా ఓ ముసాయిదా కూడా కడతారు. ఖైదీ చేతికి అందే కాగితం మీద జడ్జి పేరుంటుంది. అందులోని మాటలు చాలావరకు ఈ ఉద్యోగివే.

పెన్సిల్ రాత ఎవరు చదివారు?

ఖైదీ ఉత్తరం అనగానే అమెరికాలో ఎవరైనా ఎత్తే పేరు క్లారెన్స్ ఎర్ల్ గిడియన్. ఫ్లోరిడాలోని పనామా సిటీలో ఓ పూల్ రూంలో దొంగతనానికి చొరబడ్డాడని 1961లో పట్టుకున్నారు. స్తోమత లేదు, లాయరును ఇప్పించండి అని అడిగితే జడ్జి కుదరదన్నాడు. తన కేసు తానే వాదించుకుని ఐదేళ్ల శిక్ష మూటగట్టుకున్నాడు. జైలు కాగితం మీద పెన్సిల్‌తో అర్జీ రాసి 1962 జనవరిలో సుప్రీంకోర్టుకు పంపాడు. 1963 మార్చి 18న తొమ్మిదిమంది జడ్జిలూ ఒక్కమాట మీద నిలబడి, తీవ్రమైన నేరం మోపిన పేదవాడికి ప్రభుత్వమే లాయరును ఇవ్వాలన్నారు. ఆ ఆగస్టులో మళ్లీ విచారణ జరిగింది. ఈసారి గిడియన్ పక్కన లాయరున్నాడు. జ్యూరీ సుమారు గంటసేపు మాట్లాడుకుని నిర్దోషి అని తేల్చింది.

లా కాలేజీల్లో పాఠంగా చెప్పే ఈ కథలో ఎవరూ తలవని పాత్ర ఒకటుంది. ఫీజు కట్టలేని పేదల అర్జీ ఆ రోజుల్లో సుప్రీంకోర్టుకు ఒక్క ప్రతే వచ్చేది. ప్రధాన న్యాయమూర్తి ఎర్ల్ వారెన్ దగ్గరి లా క్లర్కులు దాన్ని చదివి, ఉల్లిపొర కాగితాల మధ్య కార్బన్లు పెట్టి సారాంశం టైపు చేసి మిగతా జడ్జిలకు పంచేవారు. కొత్తగా లా పట్టా పుచ్చుకున్న కుర్రాళ్లు వాళ్లు. ఇందులో చూడాల్సిందేమీ లేదని వాళ్లలో ఒకరు రెండు ముక్కలు రాసి ఉంటే గిడియన్ ఐదేళ్లూ జైల్లోనే ఉండేవాడు.

గిడియన్ గెలిచిన హక్కు మన కవరులోని ఖైదీకి మాత్రం అక్కరకు రాదు. ప్రభుత్వ ఖర్చుతో లాయరు దొరికేది నేర విచారణకూ, మొదటి అప్పీలుకూ మాత్రమే. ఆ తర్వాత శిక్షే చెల్లదని హెబియస్ కార్పస్ వేసినా, జైల్లో తనను కొట్టారనో వైద్యం చేయించలేదనో దావా వేసినా అడగ్గానే ఇచ్చే లాయరు ఉండడు. ఎవరైనా లాయరును పిలిచి ఈ కేసు చూడవయ్యా అని కోర్టు బతిమాలుకోవచ్చు గానీ బలవంతపెట్టలేదని సుప్రీంకోర్టు 1989లోనే తేల్చేసింది. ఆ ఖాళీలో పుట్టిన ఉద్యోగమే ఇది.

దీని వెనక ఓ విచిత్రమైన సంవత్సరం ఉంది, 1871. ఆ ఏడాది వర్జీనియా కోర్టు ఒకటి శిక్ష పడ్డ ఖైదీని ప్రభుత్వానికి బానిసగా లెక్కగట్టింది. అదే ఏడాది అమెరికా కాంగ్రెస్ కు క్లక్స్ క్లాన్ ఆగడాలను అణచడానికి ఓ చట్టం చేసింది. ప్రభుత్వాధికారం చేతిలో పెట్టుకుని రాజ్యాంగ హక్కులను కాలరాసినవాడి మీద ఫెడరల్ కోర్టులో దావా వేయొచ్చన్నది అందులో ఓ సెక్షన్. తొంభై ఏళ్లు ఆ సెక్షన్ దాదాపు మూలనపడి ఉంది. 1961లో షికాగో పోలీసుల మీద వేసిన కేసులో సుప్రీంకోర్టు దాని దుమ్ము దులిపింది. 1964లో ఇల్లినాయిస్ జైల్లోని ఓ ముస్లిం ఖైదీ తన మతగ్రంథాలు ఇవ్వడం లేదని కేసు వేస్తే, ఖైదీలు కూడా ఆ సెక్షన్ వాడుకోవచ్చని చెప్పింది. ఇక ఉత్తరాలు కట్టలు తెంచుకున్నాయి. 1970లలో కోర్టులు వాటిని చదవడానికే ప్రత్యేకంగా మనుషులను పెట్టుకోవడం మొదలుపెట్టాయి.

(మన దగ్గర కథ మరోలా నడిచింది. 1974లో విశాఖపట్నం సెంట్రల్ జైల్లోని నక్సలైట్ ఖైదీలు జైలు గోడ మీది కరెంటు తీగ గురించి వేసిన కేసులో, శిక్ష పడ్డంత మాత్రాన ప్రాథమిక హక్కులన్నీ ఊడిపోవని మన సుప్రీంకోర్టు చెప్పింది, తీగను మాత్రం తీయించలేదు. ఆ తర్వాత తీహార్ జైలు నుంచి సునీల్ బాత్రా అనే ఖైదీ రాసిన ఉత్తరాన్నే పిటిషన్‌గా తీసుకున్న జస్టిస్ కృష్ణయ్యర్ తన తీర్పుల్లో అమెరికా జైలు కేసులను ధారాళంగా వాడుకున్నారు. ఉత్తరాలు చదవడానికి ఓ శాఖనే పెట్టుకున్నది అమెరికా. వాటికి పిటిషన్ హోదా ఇచ్చినందుకు పేరొచ్చింది మనకు.)

పదిహేడుసార్లు చూపించారు కదా

ఈ ఉద్యోగంలో బుర్ర బద్దలయ్యేది ఎక్కడో తెలియాలంటే గాంబుల్ కేసు చూడాలి. అమెరికాలో వైద్యం అందలేదని కోర్టుకెక్కే ప్రతి ఖైదీ ఇప్పటికీ ఆ కేసు పేరే రాస్తాడు.

జె.డబ్ల్యు. గాంబుల్ టెక్సాస్ జైల్లో ఖైదీ. 1973 నవంబరులో లారీ నుంచి పత్తి బేళ్లు దింపుతుంటే ఓ బేలు మీద పడింది. నడుం పట్టేసింది. ఆస్పత్రికి తీసుకెళ్లారు, మాత్రలిచ్చారు, కొన్నాళ్లు సెల్లోనే పడుకోమన్నారు. తర్వాత తేలిక పని చేయగలవన్నారు. నొప్పి తగ్గలేదు, నేను చేయలేనన్నాడు. పని ఎగ్గొడుతున్నాడని ఏకాంత సెల్లో వేశారు. అతను చేత్తో రాసి పంపిన ఫిర్యాదును అవతలి పక్షం జవాబైనా ఇవ్వకముందే జిల్లా కోర్టు కొట్టేసింది. అప్పీలు కోర్టు దాన్ని లేపి నిలబెట్టింది. 1976లో కేసు సుప్రీంకోర్టు దాకా పోయింది.

ఖైదీకి ఉన్న తీవ్రమైన జబ్బును తెలిసి తెలిసి పట్టించుకోకపోవడం రాజ్యాంగం నిషేధించిన క్రూరమైన శిక్ష కిందికే వస్తుందని సుప్రీంకోర్టు సూత్రం చెప్పింది. జైల్లో ఉన్నవాడు వేరే డాక్టరు దగ్గరికి పోలేడు కాబట్టి చూపించే బాధ్యత ప్రభుత్వానిదే అంది. ఇంత చెప్పి గాంబుల్ ఫిర్యాదు తిరగేసింది. మూడు నెలల్లో పదిహేడుసార్లు వైద్య సిబ్బందికి చూపించారు, ఎక్స్-రే తీయకపోవడం డాక్టరు ఇష్టానికి సంబంధించిన విషయం, మహా అయితే అది వైద్యంలో నిర్లక్ష్యం అవుతుందే తప్ప రాజ్యాంగ ఉల్లంఘన కాదు అని తేల్చింది. జైలు డాక్టరు మీద కేసు పోయింది. మిగతా అధికారుల సంగతి చూడమని కింది కోర్టుకు పంపారు. దేశంలోని ఖైదీలందరికీ హక్కు దక్కింది, దాన్ని సాధించినవాడికి దక్కింది చాలా తక్కువ.

నిర్లక్ష్యానికీ ఉల్లంఘనకూ మధ్య గీత ఎక్కడుందో రోజూ వెతకడమే స్టాఫ్ అటార్నీ పని. పంటి నొప్పికి మూడు వారాలు మాత్రలే ఇచ్చారని ఒకడు రాస్తాడు. అది ఆలస్యమా, ఉల్లంఘనా? చక్కెర జబ్బుకు ఇన్సులిన్ వేళకు ఇవ్వలేదని ఇంకొకడు రాస్తాడు. ఎన్నిసార్లు? ఎవరికి చెప్పాడు? 1994లో ఫార్మర్ అనే ఖైదీ కేసులో సుప్రీంకోర్టు తీర్పు వచ్చాక ఈ వెతుకులాట ఇంకా సన్నబడింది. ప్రమాదం ఉందని సదరు అధికారికి నిజంగానే తెలిసి ఉండాలి, తెలిసీ వదిలేసి ఉండాలి. తెలిసి ఉండాల్సిందంటే చాలదు. అందుకే అనుభవం ఉన్న అటార్నీ ఫిర్యాదు కంటే ముందు వెనకాల గుచ్చిన చీటీలు చూస్తాడు. ఫలానా తేదీన ఫలానా నర్సుకు ఇచ్చాను అని ఒక్క ముక్క ఉందా? చీటీ మీద ఆమె సంతకం ఉందా? ఫిర్యాదులో తిట్లూ, దేవుడి మీద ఒట్లూ, లా పుస్తకాల్లోంచి ఎత్తి రాసిన లాటిన్ మాటలూ ఎన్నున్నా కేసును నిలబెట్టేది మూలన గిలికిన ఆ చిన్న సంతకమే కావచ్చు. ఇలా వెతికి పట్టుకోవడానికి చట్టం దన్ను కూడా ఉంది. ఏకాంత సెల్లో కటిక నేల మీద పడుకోబెట్టారని ఇల్లినాయిస్‌లో 66 ఏళ్ల ముసలాయన వేసిన కేసులో, లాయరు లేనివాడి రాతను లాయరు రాతతో సమానంగా తూచకూడదని సుప్రీంకోర్టు 1972లో చెప్పింది. రాయడం చేతకానివాడు ఏం చెప్పాలనుకున్నాడో చదివేవాడే పోల్చుకోవాలి.

అక్కడే కత్తిమీద సాము. పోల్చుకోవడం వరకూ ధర్మం. అతను చెప్పని మాటను అతని నోట్లో పెడితే కోర్టు అతనికి వకీలైపోతుంది. ఖైదీకి ఉత్తరం రాయడానికి లేదు, ఫోను చేయడానికి లేదు, ఈ ఒక్క తేదీ వేసి మళ్లీ పంపవయ్యా అని సైగ చేయడానికి లేదు. లోపం ఉంటే అది కోర్టు ఆర్డరు రూపంలోనే, రెండు పక్షాలకూ కనిపించేలా, సవరించిన ఫిర్యాదు దాఖలు చేయడానికి గడువిస్తూ పోవాలి. ఆ ఆర్డరును చదువు అంతంతమాత్రమైన మనిషికి అర్థమయ్యేలా రాయడం తీర్పు రాయడం కన్నా కష్టం. చాలామంది రాయలేరు. ఓ పేజీ నిండా సెక్షన్ నంబర్లు పేర్చి వదిలేస్తారు.

పీనట్ బటర్ కేసు

1990ల మధ్యలో ఖైదీల దావాల మీద దేశమంతా నవ్వుకునేలా ఓ ప్రచారం సాగింది. రాష్ట్రాల అటార్నీ జనరళ్లు పనికిమాలిన కేసుల జాబితాలు తయారుచేసి పత్రికలకిచ్చారు. పలుకులున్న పీనట్ బటర్ అడిగితే మెత్తనిది ఇచ్చారని ఓ ఖైదీ కోర్టుకెక్కాడన్నది వాటిలో పేరుమోసినది. సెనేట్‌లో దాన్ని ఉదాహరణగా చదివారు. న్యూయార్క్‌లోని రెండో సర్క్యూట్ అప్పీలు కోర్టు ప్రధాన జడ్జి జాన్ న్యూమన్‌కు అనుమానం వచ్చి అసలు కేసు కాగితాలు తెప్పించి చూశారు. జరిగింది వేరు. ఖైదీ డబ్బులిచ్చి క్యాంటీన్‌లో కొన్నాడు. అడిగిన రకం రాలేదని వెనక్కిచ్చాడు. మార్చి ఇచ్చేలోగా అతన్ని ఇంకో జైలుకు మార్చేశారు. ఖాతాలో కోసిన రెండున్నర డాలర్లు తిరిగి రాలేదు. అతను అడిగింది ఆ డబ్బు. జైలు కూలీ లెక్కలో రెండున్నర డాలర్లు తక్కువేమీ కాదని కూడా న్యూమన్ గుర్తుచేశారు. ఆయన ఇదంతా రాసి అచ్చయ్యేసరికి, ఖైదీల దావాలకు కళ్లెం వేసే చట్టం ఆ జోరులోనే బండెక్కింది.

1996 ఏప్రిల్ 26న బిల్ క్లింటన్ సంతకం చేసిన ప్రిజన్ లిటిగేషన్ రిఫార్మ్ యాక్ట్ అది. రెండు రోజుల ముందే మరో చట్టం వచ్చింది, హెబియస్ కార్పస్ వేయడానికి ఏడాది గడువు పెడుతూ. ఈ రెండూ కలిసి స్టాఫ్ అటార్నీ బల్ల మీది పనినే మార్చేశాయి. అంతకుముందు కవరు విప్పగానే ఏం జరిగిందని చూసేవాళ్లు. ఆ తర్వాత ముందు చూడాల్సినవి వేరే వచ్చాయి: ఫీజు, తేదీ, పాత కేసుల చిట్టా.

ఫీజు సంగతే తీసుకోండి. ఖైదీ ఎంత పేదవాడైనా జిల్లా కోర్టు ఫీజు 350 డాలర్లు మాఫీ కాదు, వాయిదాల్లో కట్టాలి. కవరు అడుగునున్న ఆ జమాఖర్చు ఇందుకే. అందులో వరసలు చూస్తే ఓ సంసారం కనిపిస్తుంది: అమ్మ పంపిన 20 డాలర్లు, స్టాంపులు, సబ్బు, ఫోను, జైలు డాక్టరుకు చూపించుకున్నందుకు కోత. టెక్సాస్‌లో ఆ చివరి పద్దు ఒక్కోసారికి 13 డాలర్ల 55 సెంట్లు, అదే టెక్సాస్‌లో చాలా జైలు పనులకు కూలీ అసలు లేదు. అటార్నీ ఆరు నెలల సగటు కట్టి అందులో ఐదో వంతు మొదటి వాయిదాగా లెక్కేస్తాడు. నెలకు 25 డాలర్లు జమ అయ్యే మనిషికి అది 5 డాలర్లు. ఆపైన ఖాతాలో పది డాలర్లు దాటినప్పుడు నెలనెలా ఐదో వంతు. మిగిలిన 345 తీరడానికి 69 నెలలు, ఆరేళ్లకు మూడు నెలలు తక్కువ. కేసును మొదటి వారంలోనే కొట్టేసినా వాయిదాలు ఆగవు. రెండు కేసులుంటే రెండింటికీ విడివిడిగా ఐదో వంతు కోయొచ్చని 2016లో సుప్రీంకోర్టు చెప్పింది. ఐదు కేసులుంటే ఏమవుతుందో లెక్క మీరే వేసుకోండి.

పనికిమాలినవనో, దావా వేసే ఆధారం లేదనో మూడు కేసులు కొట్టేస్తే ఆ ఖైదీకి వాయిదాల వెసులుబాటు కూడా పోతుంది. బేస్‌బాల్ నుంచి తెచ్చుకున్న ఈ నిబంధనను అక్కడ త్రీ స్ట్రైక్స్ అంటారు. ఇక ప్రాణాపాయం ముంచుకొస్తే తప్ప మొత్తం ఫీజు ముందే కట్టాలి. కాబట్టి స్టాఫ్ అటార్నీ కోర్టు రికార్డులు తిరగేసి పాత కొట్టివేతలు ఏరి లెక్కపెడతాడు. మళ్లీ వేసుకునే వీలు మిగిల్చి కొట్టేసిన కేసు కూడా ఒక స్ట్రైకే అని 2020లో తీర్పొచ్చింది.

అన్నిటికన్నా ఎక్కువ కవర్లు ఆగిపోయే మలుపు ఇంకోటి. కోర్టుకు వచ్చేలోపు జైలు లోపలి ఫిర్యాదు మెట్లన్నీ ఎక్కి దిగి ఉండాలి. ఆ మెట్లు ఎన్నో, ఒక్కోదానికి గడువెంతో జైలు శాఖే పెడుతుంది. కాలిఫోర్నియాలో పదిహేను పనిదినాల గడువు దాటించి, ఆరు నెలలకు ఫిర్యాదు చేసిన ఓ ఖైదీ కేసులో, వేళ మించితే కోర్టు తలుపు కూడా మూసుకున్నట్టేనని 2006లో సుప్రీంకోర్టు తేల్చింది. దావా ఎవరి మీద వేస్తారో గడువులు పెట్టేదీ వాళ్లే. ఇంత బాహాటమైన ఏర్పాటును అంతమంది చదువుకున్న జడ్జిలు మామూలు సంగతిలా ఎలా తీసుకోగలిగారో నాకు అంతుబట్టదు.

1995లో జైలు పరిస్థితుల మీద ఫెడరల్ కోర్టుల్లో పడ్డ దావాలు దాదాపు 40 వేలు. 2001 నాటికి 25 వేలకు లోపే. ఈలోగా జైళ్లలో జనం మాత్రం పెరిగారు.

తేదీల దగ్గర కొన్ని కథలు నమ్మబుద్ధి కావు. 1986లో హ్యూస్టన్ అనే ఖైదీ అప్పీలు కాగితం గడువుకు మూడు రోజుల ముందే జైలు సిబ్బంది చేతికిచ్చాడు. కోర్టులో ముద్ర పడేసరికి ఒక రోజు దాటింది. ఖైదీ సిబ్బందికి అప్పగించిన రోజే దాఖలు చేసిన రోజని 1988లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. ఇప్పటికీ కవరు మీది పోస్టు ముద్ర కన్నా లోపల ఫలానా రోజు ఇచ్చానని రాసిన వాక్యమే ముఖ్యం. ఫ్లోరిడాలో మరణశిక్ష పడ్డ ఆల్బర్ట్ హాలండ్ తన లాయరుకు ఉత్తరం మీద ఉత్తరం రాశాడు, గడువు దాటనివ్వకు అని. జైలు లైబ్రరీలో చదివి గడువు ఎలా లెక్కేయాలో కూడా రాశాడు. లాయరు పట్టించుకోలేదు. గడువు పోయింది. గడువు లెక్క లాయరు కన్నా ఖైదీకే బాగా తెలిసిన ఆ కేసులో 2010లో సుప్రీంకోర్టు కరుణ చూపింది. 2007లో మరో కేసులో చూపలేదు. ఆ కేసులో జడ్జే పొరపాటున మూడు రోజులు ఎక్కువ గడువిచ్చాడు. ఆ మాట నమ్మి ఆ గడువులోపే వేసిన అప్పీలును, చట్టం ఇచ్చిన గడువు దాటిందని 5-4 తేడాతో తోసిపుచ్చారు.

సూది దొరకదనే నమ్మకం

గడ్డివాములో సూదిని వెతకాల్సినవాడికి కొన్నాళ్లకు ఆ సూది అంత విలువైనది కాదనిపిస్తుందని 1953లో జస్టిస్ రాబర్ట్ జాక్సన్ హెచ్చరించారు, ఖైదీల అర్జీల గురించే. ఈ ఉద్యోగానికి అంతకన్నా కచ్చితమైన రోగ నిర్ధారణ నేను చూడలేదు. ఇందులోకి చాలామంది లా కాలేజీ నుంచి నేరుగా, ఒకటి రెండేళ్ల ఒప్పందం మీద వస్తారు. కొంతమంది పాతికేళ్లు ఉండిపోతారు. దుర్మార్గులెవరూ ఇందులోకి రారు, అంత జీతం లేదు. దినదినం అవే మాటలు: కొట్టారు, తిండి చల్లగా ఉంది, ఉత్తరం విప్పారు, డాక్టరు రాలేదు. అత్యాచారాలు, మణికట్టు కోసుకోవడాలు, వాటి ఫొటోలు. మనసు కాపాడుకోవడానికి కన్ను వేగంగా పరుగెత్తడం నేర్చుకుంటుంది. మొదటి పేరా చూడగానే ఇది ఫలానా రకం అని చెయ్యి పాత ఆర్డరు నమూనాను తెరుస్తుంది. నూటికి తొంభైసార్లు అది సరైన నమూనాయే కావడం అసలు ప్రమాదం.

ఆర్కన్సాలో గ్రెగరీ హోల్ట్ అనే ముస్లిం ఖైదీ అరంగుళం గడ్డం పెంచుకోనివ్వమన్నాడు. జైలు ఒప్పుకోలేదు, గడ్డంలో ఏవైనా దాస్తారని. చర్మవ్యాధి ఉన్నవాళ్లకు పావంగుళం ఇచ్చేవారు. విచారణ జరిపిన మేజిస్ట్రేట్ జడ్జికే ఈ కాస్త గడ్డంలో ఏం దాస్తాడన్న సందేహం వచ్చింది. ఆ మాట పైకి అని కూడా జైలు పక్షానే మొగ్గాడు. అప్పీలు కోర్టు చిన్న ఆర్డరుతో సరేనంది. హోల్ట్ చేత్తో రాసిన అర్జీ పట్టుకుని సుప్రీంకోర్టు 2015 జనవరిలో తొమ్మిదికి తొమ్మిది ఓట్లతో గడ్డం పెంచుకోమంది. కింద ఎక్కడా ఎవరూ తప్పుడు పని చేయలేదు. జైలు మాటకు విలువివ్వాలన్న నమూనా చేతిలో ఉంది, అది తీసి వాడారు.

చదివేది ఒకరు, సంతకం ఇంకొకరిది అయినచోట రెండోవాళ్లు ఎంత చూస్తారన్నదే అసలు ప్రశ్న. శాన్‌ఫ్రాన్సిస్కో కేంద్రంగా ఉన్న తొమ్మిదో సర్క్యూట్‌లో స్టాఫ్ అటార్నీలు తేలికని తూచిన కేసులను ముగ్గురు జడ్జిల ముందు కూర్చుని నోటితో వివరిస్తారు. ఒక్కో కేసుకు దొరికేది నిమిషాలు. అంత తక్కువ సమయంలో జడ్జి చేయగలిగింది తెచ్చినవాడి ముఖం చూసి నమ్మడమే. షికాగోలోని ఏడో సర్క్యూట్‌లో రిచర్డ్ పోస్నర్‌కు ఈ నమ్మకం చాలలేదు. 1981లో రీగన్ నియమించిన జడ్జి ఆయన, పేదల పక్షపాతి అని ఎవరూ అనని మనిషి. స్టాఫ్ అటార్నీల మెమోలూ ముసాయిదాలూ బెంచీకి పోయేముందు అన్నీ తాను చదివి సరిచేస్తానని ప్రతిపాదించారు. తోటి జడ్జిలు వద్దన్నారు. లాయరు లేనివాళ్లను కోర్టు చిన్నచూపు చూస్తోందంటూ 2017 సెప్టెంబరులో పదవి వదిలేశారు, అప్పటికి 78 ఏళ్లు. ఆ గొడవంతా అంతర్గత లేఖలతో సహా పుస్తకంగా వేసేసరికి సహోద్యోగులు మరింత నొచ్చుకున్నారు. నన్నడిగితే ఆయన ప్రతిపాదనలో ఒక్కడే అంతా సరిదిద్దేస్తాననే అహం కొంత ఉంది. కానీ తలుపు తట్టిన చోటు సరైనదే.

అది సరైన చోటని లూసియానాలో చేదుగా రుజువైంది. న్యూ ఆర్లియన్స్ పక్కన గ్రెట్నాలో రాష్ట్ర అప్పీలు కోర్టు ఒకటుంది. ఖైదీ సొంతంగా పంపుకున్న అర్జీని ముగ్గురు జడ్జిలు చూడాలన్నది నిబంధన. పదేళ్లకు పైగా చూడలేదు. కోర్టు స్టాఫ్ డైరెక్టరు చదివి తిరస్కరణ ఆర్డర్లు తయారుచేయడం, ఒక జడ్జి సంతకం పడటం, అంతే. 2007 మేలో ఆ డైరెక్టరు ఆత్మహత్య చేసుకున్నాడు. వెనక వదిలిన ఉత్తరంలో ఈ ఏర్పాటు అంతా బయటపెట్టాడు. సంగతి జైళ్లకు పాకింది, వందల అర్జీలు మళ్లీ లేచాయి. 2008లో లూసియానా సుప్రీంకోర్టు వాటిని వేరే కోర్టుకు మార్చలేదు. అదే కోర్టుకు పంపి, ఈసారి ముగ్గురేసి జడ్జిలు చూడమంది.

చీటీ చింపారా, లేదా?

కొత్తగా ఒకటి మారింది. మిషిగన్ జైల్లో ఓ ఉద్యోగి ఖైదీలను లైంగికంగా వేధించాడనీ, ఫిర్యాదు రాస్తే ఆ కాగితాలు చింపేశాడనీ, మళ్లీ రాస్తే చంపుతానన్నాడనీ కొందరు లాయరు లేకుండానే కేసు వేశారు. జైలు లోపలి ఫిర్యాదు మెట్లు ఎక్కలేదు కాబట్టి కొట్టేయమని అవతలివాళ్లన్నారు. మేజిస్ట్రేట్ జడ్జి సాక్ష్యం విని, ఖైదీల మాట నమ్మదగ్గదిగా లేదని రాశారు. కేసు అక్కడితో ముగిసిపోవాల్సింది. అప్పీలు కోర్టు ఒప్పుకోలేదు. 2025 జూన్‌లో పెర్టు వర్సెస్ రిచర్డ్స్ తీర్పులో సుప్రీంకోర్టు 5-4తో ఖైదీల వైపు మొగ్గింది. ఫిర్యాదు చీటీ చింపారా లేదా అన్నదే అసలు ఆరోపణలోనూ ఇమిడి ఉంటే, దాన్ని తేల్చాల్సింది జ్యూరీ అని ప్రధాన న్యాయమూర్తి జాన్ రాబర్ట్స్ రాశారు.

స్టాఫ్ అటార్నీల నమూనా ఆర్డర్లలో ఇప్పుడు ఓ పేరా తిరగరాయక తప్పదు. మెట్లు ఎక్కలేదన్న ఒక్క కారణంతో కేసును పక్కనపెట్టేముందు, ఎందుకు ఎక్కలేకపోయాడో ఖైదీ ఎక్కడైనా రాశాడేమో చూడాలి. అది ఫారంలో అడిగినచోట ఉండకపోవచ్చు. ఏడో పేజీ మార్జిన్‌లో నిలువుగా ఉండొచ్చు.